నర్సవ్వ ఇంటి బండ కదిలిన ఈస్టరు

పందొమ్మిది వందల తొంభైవ సంవత్సరం, ఏప్రిల్ నెల, ఈస్టరు పండుగ మరునాడు సోమవారం, పొద్దున ఏడున్నర గంటలకు, ఆర్మూరులో నర్సవ్వ అనే పెద్దామె తన ఇంటి తాళంచెవిని తన చేతులతో నా కొంగు చివర ముడివేసి కట్టింది. గంట నీకెట్లా తెలుసని అడుగుతారేమో, ఏడున్నర నిజామాబాదు బస్సు సరిగ్గా అప్పుడే హారను కొట్టుకుంటూ పోయింది, నేను విన్నాను. ఆ ముడి విప్పడానికి నాకు మనసొప్పలేదు, అందుకని కొంగుతో సహా తలుపు దగ్గరికి వంగి తాళం తీశాను, చూసినవాళ్ళంతా నవ్వారు, నేను కూడా నవ్వాను. దేవునికే మహిమ!

సహోదరులారా, సహోదరీలారా, ఈ సాక్ష్యాన్ని నా చేత్తో నేనే రాస్తున్నాను. నాకు నలభై దాటినాక మా సంఘం పాస్టరు అయ్యగారి భార్య సుగుణమ్మగారు బలపం పట్టించి అక్షరాలు దిద్దించింది, కాబట్టి రాత వంకరగా ఉంటే ఓర్చుకోండి, మాట సూటిగా ఉంటే మాత్రం నేనేమీ చెయ్యలేను, అది నా పుట్టుక.

ఆ సోమవారానికి ముందు మా బతుకు చీకటే. మా ఆయన యేసోబు పసుపు మార్కెట్టులో హమాలీ, నేను బీడీలు చుట్టేదాన్ని, మాకు ఒక్కతే బిడ్డ రూతు. పెళ్ళయినప్పటినుంచీ కిరాయి గదుల్లోనే ఉన్నాం. ఒక ఇంటాయన పాటలు పాడొద్దన్నాడు, ఒక ఇంటామె మా చుట్టాలు ఎక్కువగా వస్తున్నారంది, ఇంకొకాయన, మా ఆయన మార్కెట్టునుంచి వచ్చి అరుగు ఎక్కితే పచ్చటి పాదాల గుర్తులు పడుతున్నాయని, ఎవరో దొంగతనం చేసినట్టు ఆ గుర్తుల్ని మాకు చూపించి మరీ వెళ్ళగొట్టాడు! తలుపు ఎవరైనా తడితే చాలు, ఖాళీ చెయ్యమనడానికే వచ్చారనుకునేదాన్ని. ప్రార్థన కూడా గుసగుసగా చేసేవాళ్ళం, దేవుడు గోడ అవతల నిద్రపోతున్నట్టు, లేపితే కోపగించుకుంటాడన్నట్టు! కొత్త ఊరికి పోయినవాళ్ళకు దారి తెలియదు, మాకు సొంత ఊళ్ళోనే ఇల్లు తెలియదు, అది మా చీకటి.

తినీ తినకా కూడబెట్టి, సంఘంవాళ్ళు కొంత చెయ్యి కలిపి, చివరికి నర్సవ్వ ఇల్లు కొన్నాం. నర్సవ్వ రైతు ఇంటి మనిషి, భర్త పోయాడు, కొడుకు రాజన్న ఊరి బయట బాయికాడ, అంటే వాళ్ళ పొలంలో బావి దగ్గర, కొత్త ఇల్లు కట్టుకొని పెళ్ళాం పిల్లలతో, పశువులతో అక్కడికి పోయాడు, ఊళ్ళో పెంకుటింట్లో ఈమె ఒక్కతే మిగిలింది. బయానా ఇచ్చేటప్పుడు అన్నీ మాట్లాడుకున్నాం, తలుపులు ఎవరివి, మామిడికాయలు ఎవరివి, గోడ పక్కవాళ్ళతో తగాదా ఏమైనా ఉందా, అన్నీ! ఒక్కటి మాత్రం అడగలేదు, ఎప్పుడు ఖాళీ చేస్తావని. రిజిస్ట్రీ అయింది, కాగితం మా చేతికి వచ్చింది, అయినా అడగలేదు. ఎట్లా అడుగుతాం? ఖాళీ చెయ్యమనే మాట వినడమే మాకు అలవాటు, ఆ మాట అనేది ఎట్లాగో మాకు తెలియదు. అమ్మినావిడ తనంతట తానే పోతుందనుకున్నాం. మొదటిసారి ఇల్లు కొన్నవాళ్ళ తెలివి అంత!

అంతలో రూతుకు నెలలు నిండుతున్నాయి, తొలి కాన్పు, అల్లుడు మోర్తాడ్ నుంచి తీసుకొచ్చి మా గదిలో దిగబెట్టిపోయాడు. ఆ మరునాడే మా కిరాయి గది ఇంటాయన తలుపు తట్టాడు.

"మరియమ్మా, మా పోరగాని పెండ్లి కుదిరింది. మీ ఈస్టరు పండుగ అయినంక బుధవారం పందిరేస్తున్నం. గంతల గది ఖాళీ చెయ్యాలె."

"నిండు మనిషి ఉన్నది సారూ. పురుడు అయినంక పోతం."

"అందుకే గద చెప్తున్న! పెండ్లింట్ల పురుడు మైల ఎట్ల పెట్టుకోవాలె? నువ్వే చెప్పు."

మునుపైతే నేను ఏడ్చేదాన్ని. ఆ రోజు మాత్రం తలుపు వేసుకొని నేనూ రూతూ పొట్ట పట్టుకొని నవ్వాం, పోనీ, పోతాం, మాకు ఇల్లుంది! ఆ నవ్వు ముఖం మీద ఉండగానే నేను నర్సవ్వ దగ్గరికి పోయాను. ఆమె అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది.

"అక్కా, ఎప్పుడు కదులుతున్నవ్?"

"యాడికే?"

"బాయికాడికి. ఇల్లు మాకు అమ్మితివి గద."

"ఇల్లు అమ్మిన. ఇత్తనం అమ్మిననా?"

చెయ్యి పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయింది. మామిడి చెట్టు నీడలో నడుమెత్తు కుప్ప ఉంది, పైన పసుపాకు కప్పి, మట్టితో మెత్తి, పసిపిల్లకు దుప్పటి కప్పినంత జాగ్రత్తగా పెట్టి ఉంది. అది రాబోయే పంటకు దాచిన పసుపు విత్తనం. మా వైపు తవ్విన పసుపులో మంచి కొమ్ములు ఏరి ఇట్లా నీడన కుప్పవేసి, మృగశిర కార్తె, మా మాటలో మిరుగం, వచ్చి తొలి వాన పడేదాకా, అంటే జూన్ నెల దాకా, కదిలించరు. బాయికాడ పెడదామంటే అడవిపందులు తవ్విపోస్తాయి, అందుకని వాళ్ళ కుప్ప ఎప్పుడూ ఈ పెరట్లోనే.

"మిరుగం పడ్డంక ఇప్పుతం. గందాక నేను గీ పెరడు ఇడిచి రాను," అంది నర్సవ్వ.

"మిరుగమా! నా బిడ్డ పురుడు మిరుగం దాక ఆగుతదా అక్కా?"

"ఇత్తనం కదలదు, పురుడు ఆగదు. ఏం చేద్దామంటవ్?" అని నవ్వబోయి, నవ్వు ఆపింది. "ఏందీ, పురుడా? గీ ఇంట్లనా? వద్దు తల్లీ! పురుటి మైల తగిలితే ఇత్తనం కుళ్ళుతది."

"మాకు మైలలు లేవు. మా ప్రభువు అన్నీ కడిగేసిండు."

"మీ ప్రభువు కడిగిండో లేదో నాకు తెల్వదు గాని, బాలింతను మీరు కాగులకు కాగులు నీళ్ళు పోసి కడుగుతరు గద!"

ఆ మాటలో ఏముందో నాకు అప్పుడు తెలియలేదు సహోదరులారా, నా ఒళ్ళు మండిపోయింది, మూఢనమ్మకాల మనిషి అనుకొని లేచి వచ్చేశాను. మా ఆయన పోయి రాజన్నను అడిగాడు, "మా అవ్వ మాట నేను దాటుతనా అన్నా? నన్నే బాయికాడికి ఎల్లగొట్టింది," అని రాజన్న చేతులెత్తేశాడు. తరువాత మా అయ్యగారు, ప్రకాశం అయ్యగారు, తెల్ల చొక్కా వేసుకొని తారీఖు మాట్లాడి వస్తానని పోయాడు. నర్సవ్వ ఆయనకు మంచం వేసి, మజ్జిగ పోసి, కష్టసుఖాలన్నీ అడిగింది, మేం గడపలో నిలబడి అయ్యగారు తారీఖు తెస్తాడని ఎదురుచూస్తే ఆయన గుమ్మడికాయ తెచ్చాడు! "చాలా మంచి మనిషి," అన్నాడు. మంచి మనిషే, ఎవరు కాదన్నారు, మాకు కావలసింది తారీఖు!

రోజులు దగ్గర పడ్డాయి. ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం పోయింది, ఇంటాయన పందిరి గుంజలు తెప్పించి మా గుమ్మం ముందే దించాడు, రూతు వాటిని దాటలేక ఒత్తిగిలి నడుస్తోంది. నాకు ఇక ఓపిక లేక నర్సవ్వ దగ్గరికి పోయి, అరుగు కూడా ఎక్కకుండా, నిలబడే అన్నాను: "ఇల్లు మాది. రిజిస్ట్రీ అయింది. బుధవారం లోపల ఖాళీ చెయ్యాలె."

ఆమె తిట్టలేదు. తిడితే బాగుండేది. ముంత పక్కన పెట్టి, "మంచిగ నేర్చినవ్ మరియా," అంది, అంతే.

తిరిగివస్తూ ఆ మాట నేను ఎక్కడ విన్నానా అని ఆలోచిస్తే, అది నా మాటే కాదు, మా ఇంటాయన మాట, ఆ గొంతు కూడా ఆయనదే! ఇన్నేళ్ళు ఎవరి నోటినుంచి పారిపోవాలని మొత్తుకున్నానో ఆ నోరు నాకే వచ్చింది. ఇల్లు దొరికీ దొరక్కముందే ఇట్లా అయితే, దొరికాక ఏమవుతాను? నాకు భయం వేసింది. గుడ్‌ఫ్రైడే ఆరాధనలో అందరూ సిలువ దగ్గర ఏడుస్తుంటే నేను కొంగు నోట్లో కుక్కుకొని ఇట్లా ప్రార్థన చేశాను:

"ప్రభువా, నాకు సుతిమెత్తగా అడగడం రాదు, నీకు తెలుసు. నా బిడ్డ కాన్పుకు నాలుగు గోడలు కావాలి. నర్సవ్వ మనసు తిప్పు. తిప్పలేకపోతే నా నోరన్నా మూయించు, ఆ ఇంటాయన మాట మళ్ళీ నా నోట రానియ్యకు. రెంటిలో ఏదో ఒకటి చెయ్యి తండ్రీ, బుధవారం లోపల చెయ్యి. ఆమేన్."

దేవునికి గడువు పెట్టినదాన్ని నేనే, నవ్వకండి, మీరూ పెట్టే ఉంటారు!

ఈస్టరు ఆదివారం పొద్దునే ఆరాధన. అయ్యగారు సమాధి దగ్గరికి పోయిన ఆడవాళ్ళ గురించి చెబుతున్నాడు, వాళ్ళు తెల్లవారుజామున సుగంధ ద్రవ్యాలు పట్టుకొని, అంత పెద్ద రాయిని ఎవరు తొలగిస్తారని దారి పొడుగునా దిగులుపడుతూ పోయారట, పోయి చూస్తే రాయి ముందే పక్కకు పోయి ఉంది! ఎన్నో ఈస్టర్లు విన్న మాటే. కాని ఆ రోజు నాకు ఆ సమాధి రాయి కనబడలేదు, నర్సవ్వ పెరట్లో స్నానాల బండ కనబడింది! పెరటి గుమ్మం పక్కన ఇంత వెడల్పు బండ, దాని మీద నీళ్ళు పోస్తే ఎటు పోతాయి? వాలు ఎటుంది? మామిడి చెట్టు వైపు! కాగులకు కాగులు అని నర్సవ్వ అన్న మాట అప్పుడు నా చెవిలో గంటలా మోగింది.

"బండ!" అని కేక వేశాను.

అయ్యగారు ఆగిపోయాడు. "అవునమ్మా, రాయే," అన్నాడు.

"రాయి కాదయ్యగారూ, బండ! నర్సవ్వ తానాల బండ!" అన్నాను. సుగుణమ్మగారు నా చెయ్యి పట్టి కూర్చోబెట్టింది, పాపం, బిడ్డ కాన్పు దిగులుతో నాకు మతి పోయిందనుకుంది.

ఆరాధన అయిన వెంటనే పండుగ చీరలోనే నర్సవ్వ ఇంటికి పరుగెత్తాను, వెనకాల మా ఆయన. ఈసారి అరుగెక్కి, ఆమె పక్కన కూర్చున్నాను.

"అక్కా, మొన్న నేనన్న మాట మనసుల పెట్టుకోకు. ఒక్కటి చెప్పు. నీది మైల భయమా, నీళ్ళ భయమా?"

"రెండు ఏరేనా?" అంది. మామిడి చెట్టు వైపు చూస్తూ చెప్పింది. "మా ఆడిబిడ్డ తొలి కాన్పు గీడనే అయింది. రోజు రెండుపూటల కాగు నీళ్ళు. ఎవ్వరం చూడలే. మిరుగం నాడు కుప్ప ఇప్పితే కింద మొత్తం మురిగిపోయింది, ముక్కు పట్టుకొని ఉరికినం. ఆ ఏడు మా సేన్ల పసుపే లేదు. మా అత్త మైల అన్నది. నేను గూడ మైలనే అంటున్న. ఆమెను తప్పు పట్టెతందుకు నేనెవరు?"

"గట్లయితే బండ తీసి కొట్టంల ఏద్దాం. పశులు బాయికాడికి పాయె గద, కొట్టం ఖాళీనే. నీళ్ళు గల్లీ మోరీలకు పోతయ్."

"కొట్టంలనా! బాలింతను పశుల కాడ కూసోపెడ్తరా?"

"మా ప్రభువు పుట్టిందే గక్కడ అక్కా!"

నర్సవ్వ నా ముఖం చూసింది, పైకి చూసింది, ఇక ఆపుకోలేక నవ్వింది. "అయితే మీకు అలవాటే!" అని కళ్ళు తుడుచుకుంది. ఆ బండ ఆమె భర్త వేయించినది, కదిలించడానికి ఆమె ఒప్పుకోవాలి, ఒప్పుకుంది. "మంచిగ లేపున్రి, ఇరిగితే మాత్రం ఒక్కొక్కని తల మీద ఇంకో బండ ఏస్త," అంది.

మా ఆయన పోయి తనతో మూటలు మోసే హమాలీలను పిలుచుకొచ్చాడు, లింగన్న, ఖాజాభాయి. పండుగ పూట గడ్డపారలు పట్టుకొని వచ్చారు, అయ్యగారు కూడా ఆ తెల్ల చొక్కా చేతులు పైకి మడిచాడు. తాడు వేసి లాగేటప్పుడు మా ఆయన "హల్లెలూయ" అన్నాడు, ఖాజాభాయి "యా అల్లా" అన్నాడు, లింగన్న వాళ్ళ మల్లన్న దేవుణ్ణి పిలిచాడు, అరుగు మీదినుంచి నర్సవ్వ "లాగున్రిరా, మాటలు తక్కువ చెయ్యిన్రి!" అంది. బండ లేచింది! దుంగల మీద దొర్లించుకుంటూ కొట్టంలోకి తీసుకుపోయి, వాలు గల్లీ వైపు పెట్టి, చుట్టూ తడిక కట్టారు.

నర్సవ్వ ఎవరి మాటా నమ్మలేదు. కడవ తెచ్చి బండ మీద ధార కట్టి పోసింది. నీళ్ళు తడిక కిందినుంచి పోయి మోరీలో, అంటే గల్లీ మురుగు కాలువలో, పడ్డాయి. మళ్ళీ పోసింది. అప్పుడు పెరట్లోకి పోయి కుప్ప పక్కన కూర్చొని చుట్టూ నేలను అరచేత్తో తడిమి చూసింది, పొడిగా ఉంది. మేమందరం పరీక్ష రాసిన పిల్లల్లా వరుసగా నిలబడ్డాం.

"రేపు సోమారం. మంచి దినం," అంది లేస్తూ. "పొద్దుగాల ఏడు దాటినంక రాండ్రి. కుప్ప మాత్రం మిరుగం దాక నాది. నా ఇష్టం ఉన్నప్పుడు వచ్చి చూస్త. కుప్ప మీద బట్టలారేస్తే ఊకోను. కోళ్ళను రానియ్యకు."

"సచ్చినా రానియ్య అక్కా!"

అదీ సహోదరులారా, మేం నెలంతా వేడుకున్న తారీఖు! ఆ సోమవారం మా సామానంతా ఒక్క తోపుడు బండిలో పట్టింది, పందిరి గుంజలను దాటుకుంటూ వచ్చేశాం, మా ఇంటాయన కూడా వచ్చి ఒక గుంజ పక్కకు జరిపాడు, ఆయన బాగుండాలి, ఆయన కొడుకు పెళ్ళి చల్లగా జరిగింది. నర్సవ్వ గడపకు దండం పెట్టుకుంది, తాళంచెవి నా కొంగుకు కట్టింది, రాజన్న ఎడ్లబండి ఎక్కింది, బండి మలుపు తిరిగేదాకా "కోళ్ళు! కోళ్ళు!" అని అరుస్తూనే ఉంది.

మే నెల ఎండల్లో రూతు ఆ ఇంట్లోనే సుఖంగా ప్రసవించింది, ఆడపిల్ల. నాకు స్నానం చేయించడం వచ్చనుకున్నాను. ఒకరోజు నేను కొట్టంలో బండ మీద కూర్చొని నీళ్ళు పోస్తుంటే పిల్ల ఊరంతా వినబడేట్టు ఏడుస్తోంది, కుప్పను చూడడానికి వచ్చిన నర్సవ్వ తడిక పక్కకు తోసుకొని లోపలికి వచ్చింది.

"గట్లనానే పోసేది! పిల్లను కడుగుతున్నవా, గిన్నెలు తోముతున్నవా? ఇటియ్యి!"

తన మొగుడు వేయించిన బండ మీద తానే కాళ్ళు చాపి కూర్చొని, పిల్లను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి, నూనె రాసి, గోరువెచ్చటి నీళ్ళు చెంబుతో పారబోస్తుంటే, మా పిల్ల ఏడుపు మానేసి గుర్రుపెట్టింది! మైల అన్న మాట ఆమె నోట మళ్ళీ రాలేదు, నేనూ గుర్తు చేయలేదు. ఆ రోజునుంచి మిరుగం దాకా రోజూ వచ్చింది. కుప్పను చూడ్డానికే వస్తున్నానని రోజూ చెప్పింది, కుప్ప వైపు తల తిప్పి చూడకుండానే వెళ్ళిపోయిన రోజులు కూడా నాకు తెలుసు. మిరుగం నాడు కుప్ప విప్పితే అడుగు కొమ్ము కూడా గట్టిగా, మొలక కళ్ళు తెరిచి ఉంది. రాజన్న మూటలు కట్టి బండికెత్తాడు. నర్సవ్వ నాలుగు కొమ్ములు వెనక్కి తీసి మా పెరట్లో పాతింది, పిల్ల స్నానానికి అంది. ఇప్పటికీ మా ఇంట్లో పసుపు ఆ నాలుగు కొమ్ముల సంతతే!

ఇప్పుడు నా మాట వినండి. నేను నర్సవ్వ మనసు తిప్పమని ప్రార్థించాను. దేవుడు ఆమె మనసు తిప్పలేదు, ఆమె మనసు మొదటినుంచీ సరిగ్గానే ఉంది. ఆయన బండను తిప్పాడు, నన్ను తిప్పాడు. కిరాయి భయంనుంచి నన్ను విడిపించాడు, అంతకంటే పెద్ద విడుదల ఇంకొకటి ఇచ్చాడు, కిరాయికి ఇచ్చేవాళ్ళ నోరు నాకు రాకుండా కాపాడాడు. మీలో ఎవరికైనా ఒక తలుపు తెరుచుకోకపోతే, అవతలి మనిషిని తిట్టకముందు ఆమె పక్కన కూర్చొని దేనికి భయపడుతున్నావని అడగండి, ఆ తరువాత నా దేవుణ్ణి అడగండి. గడువు పెట్టి అడిగినా ఆయన కోపగించుకోడు, నేను పెట్టి చూశాను. ఆయన్ని నమ్మండి. నమ్మడానికి చదువు అక్కర లేదు, నేను చదువు రాకముందే నమ్మాను. మీ ఇంట్లో గొంతెత్తి ప్రార్థన చేయండి. మా ఇంట్లో చేస్తున్నాం, గల్లీ చివరిదాకా వినబడుతుంది, ఎవరూ ఏమీ అనడం లేదు. ఆయనకే స్తోత్రం!

ఆ సోమవారం పొద్దున ఏడున్నరకు ఆ గడప దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు: తాళంచెవి కట్టిన నర్సవ్వ, ఎడ్లబండి మీద రాజన్న, నా భర్త యేసోబు, పచ్చటి పాదాలతో అరుగు మీదే నిలబడ్డాడు, హమాలీలు లింగన్న, ఖాజాభాయి, ప్రకాశం అయ్యగారు, సుగుణమ్మగారు, ఆమె చేతిలో ఆ గుమ్మడికాయతో వండిన కూర, మోర్తాడ్ నుంచి పొద్దుటి బస్సుకు వచ్చిన మా అల్లుడు ఆనందం, మరియమ్మ అనే నేను, నా బిడ్డ రూతు, రూతు కడుపులో, అప్పటికి ఇంకా పేరు లేని మా మనవరాలు. ఖాళీ చెయ్యమనే మాట ఒక్కసారి కూడా వినకుండా పెరిగింది మా ఇంట్లో ఆమె ఒక్కతే.